ఆగస్టు 15న ఫస్ట్ వచ్చినవాళ్లనే స్టేజీ ఎక్కించాలా? దాత గారికి ఏం చెప్పాలో తోచడం లేదు

లెక్కల టీచర్:

నమస్కారమండీ. ప్రకాశం జిల్లాలో ఒక జడ్పీ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. 2008 డీఎస్సీ బ్యాచ్. ఆగస్టు 15 ఇంక పన్నెండు రోజులే ఉంది, ఈలోపు ఒక సంగతి తేల్చుకోవాలి. స్టాఫ్ రూములో అడిగితే ఎవరి మాట వాళ్లది. అందుకే ఇక్కడ పెడుతున్నా.

మా బడిలోనే చదివి, ఇప్పుడు చీమకుర్తి దగ్గర గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ నడుపుతున్న ఒకాయన మూడేళ్ల నుంచి ఏటా ముప్పై వేలు ఇస్తున్నారు. పదో తరగతిలో ఫస్ట్ వచ్చినవాళ్లకి పదిహేను వేలు, సెకండ్‌కి పది, థర్డ్‌కి ఐదు. జెండా ఎగరేశాక స్టేజీ మీద ఇవ్వాలి. ముగ్గురి ఫొటోలతో గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టాలి. ఇవీ ఆయన షరతులు. మంచి మనిషి. ఫ్లెక్సీలో తన ఫొటో వద్దన్న దాతని నా సర్వీసులో ఆయన్నొక్కడినే చూశాను.

కిందటేడు ఫస్ట్ వచ్చిన అమ్మాయికి 600కి 562. బంగారం లాంటి పిల్ల, ఒక్క మాట అనడానికి లేదు. ఆ ముగ్గురూ ఏ సెక్షనే. ముగ్గురికీ ఇంట్లో చదువుకున్న మనిషి ఒకరున్నారు. వాళ్లు కష్టపడలేదని నేను అనను, నేనే దగ్గరుండి చూశాను కాబట్టి.

అదే బ్యాచ్‌లో సి సెక్షన్ పిల్లాడొకడు. వాడి అమ్మానాన్న జనవరి వచ్చేసరికి మిర్చి కోతలకి గుంటూరు వైపు వెళ్లిపోతారు, ఉగాదికి గానీ రారు. వీడు, నాయనమ్మ, రెండు గేదెలు. ప్రీఫైనల్లో నా సబ్జెక్టులో వాడికి 11. స్టడీ అవర్‌కి పొద్దున ఆరున్నరకి వచ్చేవాడు, చేతులు పాల వాసన కొట్టేవి. పబ్లిక్‌లో 43 వచ్చాయి. లెక్కలు చెప్పేవాళ్లకి తెలుస్తుంది, 90ని 95 చెయ్యడం వేరు, 11ని 43 చెయ్యడం వేరు.

పది అయ్యాక ఐటీఐలో చేరాడు. అయినా జెండా పండగని బడికి వచ్చాడు. వచ్చినవాణ్ణి మా పీఈటీ సారు ఊరుకోనిస్తారా, బెంచీలు మోయించారు, షామియానా తాళ్లు కట్టించారు. సరిగ్గా బహుమతులు మొదలుపెట్టేసరికి మైకు గరగరమంది. వైరు జాక్ దగ్గర లూజు. వీడు స్టేజీ కింద గొంతుకూర్చుని ఆ వైరుని రెండు వేళ్లతో నొక్కి పట్టుకున్నాడు. ముప్పావుగంట. ముగ్గురి పేర్లూ మార్కులూ ఊరంతా వినబడ్డాయంటే వాడి వేళ్ల వల్లే. కార్యక్రమం అయ్యాక వేళ్లు విదిలించుకుంటూ "ఎవరికొచ్చింది టీచర్ ఫస్ట్?" అని అడిగాడు. స్పీకర్లు బయటికి తిరిగున్నాయి కదా, కింద కూర్చున్న వాడికి సరిగ్గా వినబడలేదట.

అప్పటి నుంచి ఈ బహుమతి నా మనసులో ముల్లులా ఉండిపోయింది.

ఇంకోటి. ఇప్పుడు పదిలో ఉన్న ఇద్దరు అమ్మాయిలు, ఆరో తరగతి నుంచి ఒకే బెంచీ, ఈ ఏడు నోట్సు దాచుకుంటున్నారు. మొన్న స్లిప్ టెస్టులో 25కి 23 వచ్చాయని వాళ్లలో ఒకమ్మాయి ఏడ్చింది. ఎందుకమ్మా అంటే, "ఫ్లెక్సీలో నా ఫొటో రెండోది అయిపోద్ది టీచర్" అంది.

హెచ్చెమ్ గారేమో దాత మనసు కష్టపెట్టొద్దంటారు. తెలుగు సారు "ఫస్ట్ వచ్చినవాడికి చప్పట్లు కొట్టకపోతే ఇంకెవడికి కొడతామమ్మా" అంటారు. అదీ నిజమే అనిపిస్తుంది. మీ బడుల్లో ఏం చేస్తున్నారు? దాతతో మాట్లాడాలంటే ఎలా మొదలుపెట్టాలి?

గిత్త ఒంగోలు:

ముప్పై వేలు ఇచ్చేవాడు దొరికితే దానికీ ఒక చర్చ! గవర్నమెంటే షైనింగ్ స్టార్స్ అని పిల్లలకి స్టేజీ మీద ఇరవై వేలు, మెడల్ ఇస్తోంది. మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్ ఒక్కడికే ఇస్తారు, పదకొండు మందికీ ఇవ్వరు. ఓడినవాడికి బాధగా ఉంటుందని గెలిచినవాణ్ణి దాచిపెడతామా? ఆ మైకు కుర్రాడికి మీరే ఓ ఐదొందలు చేతిలో పెడితే సరిపోయేది.

లెక్కల టీచర్:

ఐదొందలు పెట్టాను సార్. తీసుకోలేదు. "మైకుకి డబ్బులేంది టీచర్" అన్నాడు.

శీను ఎలక్ట్రికల్స్:

టీచర్ గారూ, మా ఇంట్లో ఒక స్టీలు పళ్లెం ఉండేది. దాని కథ చెబుతా.

మా అక్కకి ఏడో తరగతి పబ్లిక్‌లో బడి ఫస్ట్ వచ్చింది. 1999. ఊరి పెద్దాయన ఒకాయన పళ్లెం బహుమతిగా ఇచ్చారు, అంచు మీద చుక్కలు చుక్కలుగా అక్షరాలు కొట్టించి: అక్క పేరు, "7వ తరగతి ప్రధమ బహుమతి", ఏడాది. ప్రథమలో థ బదులు ధ కొట్టాడు ఆ కొట్టువాడు. అక్క ఆ తప్పు చూసి ఒకటే ఏడుపు. మా నాన్నకి చదువు రాదు, ఏ అక్షరమైతే ఏంటి, స్టీలు మంచిదేగా అని దాన్ని వేలితో టింగుమనిపించి చూశాడు.

ఆ పళ్లెం మా ఇంట్లో దేవుడి పటం తర్వాత పటం. చుట్టాలొస్తే అందులోనే అన్నం పెట్టేవాళ్లు. చుట్టాలు తింటూ తింటూ చదివేవాళ్లు. చదివాక తల ఎత్తి నా వంక చూసి "నీకేమొచ్చిందిరా అబ్బాయ్" అనేవాళ్లు. ఒక్కరు తప్పకుండా అందరూ. మూడేళ్లు ఇదే.

మిగతా పళ్లేలు చాలకపోతే అమ్మ నాకూ అందులోనే పెట్టేది. నేను అక్షరాలున్న వైపు అవతలకి తిప్పుకుని తినేవాణ్ణి. తిప్పితే అమ్మ మళ్లీ ఇటు తిప్పేది, చూసైనా బుద్ధొస్తుందని. బుద్ధి రాలేదు గానీ ఆ చుక్కల్లో పప్పు ఇరుక్కుంటే ఎలా పోతుందో మాత్రం నాకు బాగా తెలుసు. పిడక బూడిదతో తోమాలి.

పదిలో లెక్కలు రెండుసార్లు తప్పాను. తర్వాత వైరింగ్ నేర్చుకున్నా, ఇప్పుడు నా దగ్గర నలుగురు పనిచేస్తున్నారు, బాధేం లేదు. అక్క మీద కూడా ఎప్పుడూ కోపం లేదు. ఆ పళ్లెం మీద ఉండేది.

మొన్నామధ్య అక్క వాళ్లింటికి వెళ్తే ఆ పళ్లెం అక్కడుంది. దోసెల పిండి గిన్నె మీద మూత. ఏందక్కా ఇట్టా వాడుతున్నావంటే అక్క ఏమందో తెలుసా, "అది చూస్తేనే నాకు చిరాకురా. ఎనిమిదిలో ఫస్ట్ పోయినప్పుడు నాన్న రెండు రోజులు అందులో అన్నం పెట్టనివ్వలేదు" అంది. ఇన్నేళ్లు నాకు ఆ సంగతే తెలియదు.

కాబట్టి మీరు స్టేజీ మీద ఇచ్చేది అక్కడే అయిపోతుందనుకోకండి. అది ఇంటికెళ్తుంది, అక్కడ తమ్ముడుంటాడు.

నైట్ షిఫ్ట్:

పళ్లెం చదివి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. నాది ఫ్లెక్సీ కేసు.

మాది పశ్చిమ గోదావరిలో చిన్న టౌను. ప్రైవేట్ స్కూలు. నేను పది పాసైంది 2014లో, అప్పుడు మార్కులు లేవు, జీపీఏ. పిల్లల మీద ర్యాంకుల ఒత్తిడి తగ్గించడానికని 2012లో గ్రేడ్లు తెచ్చారు కదా. స్కూళ్లు ఊరుకుంటాయా? ర్యాంకు లేకపోతేనేం, "10/10 సాధించిన మా ఆణిముత్యాలు" అని లెక్క మొదలుపెట్టాయి. మా స్కూల్లో పదికి పది వచ్చినవాళ్లం పది మందికి పైనే ఉన్నాం. బస్టాండ్ ఎదురుగా రోడ్డుకి అడ్డంగా ఫ్లెక్సీ. నేను రెండో వరసలో చివర. ఫొటోలో నన్ను ఎంత తెల్లగా చేశారంటే మా అమ్మమ్మ గుర్తుపట్టలేదు. "చామనఛాయ పిల్ల ఫ్లెక్సీకి పనికిరాదా" అని ఆవిడ ఆ ప్రింటింగ్ షాపువాణ్ణి తిట్టింది. 😀

ఆ వేసవి నిజంగా బాగుంది, అబద్ధమెందుకు. కిరాణా కొట్టాయన పిలిచి చాక్లెట్ ఇచ్చాడు. టీచర్ గారూ, ఆ సంతోషం తీసిపారేసేది కాదు.

తర్వాత ఇంటర్‌కి హాస్టల్. అక్కడ మొదటి నెలలోనే నా బ్యాచ్ కిందికి మారింది. ఐఐటీ రాలేదు, మామూలు ఇంజనీరింగ్ కాలేజీ. ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం, బానే ఉన్నా. కానీ ఊరికెళ్లినప్పుడల్లా "ఏమ్మా, నువ్వు ఫ్లెక్సీ పిల్లవి కదూ, ఐఐటీ ఏమైంది?" అని అడిగినవాళ్లు కనీసం ఓ పాతిక మంది. ఫ్లెక్సీ లేకపోతే నేనేం చదువుతున్నానో వాళ్లకి తెలిసేదే కాదు.

అసలు సంగతి ఇంకా ఉంది. ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన రోజుల్లోనే మా పెదనాన్న వాళ్ల ఊరెళ్లా. వానకి తడవకుండా గడ్డివాము మీద కప్పిన పట్టా ఎక్కడో చూసినట్టుందే అనుకున్నా. దగ్గరికెళ్తే నేనే. తెల్లటి నేను. నా మొహం మీద తాడు బిగించి రాయి కట్టారు. ఆ రాయిని చూసి, ఎందుకో తెలియదు, రిజల్ట్స్ వచ్చాక మొదటిసారి హాయిగా నవ్వాను.

2022లో ఏపీలో గ్రేడ్లు తీసేసి మళ్లీ మార్కులు తెచ్చారు, అప్పుడే స్కూళ్లు ర్యాంకులతో ప్రకటనలు వేయొద్దని ఉత్తర్వులు కూడా ఇచ్చారు. ఫలితాల మర్నాడు ఏ పేపరు తిరగేసినా ఆ ఉత్తర్వులు ఎంతమంది చదివారో తెలుస్తుంది. సీబీఎస్‌ఈ మాత్రం మెరిట్ లిస్టు ఇవ్వడమే మానేసింది. మీరు స్టేజీ ఉంచుకోండి, చప్పట్లు కొట్టించండి. ఫ్లెక్సీ మాత్రం వద్దు. చప్పట్లు ఆగుతాయి, ఫ్లెక్సీ ఆరు నెలలు వేలాడుతుంది.

రిటైర్డ్ హెచ్చెమ్, ఖమ్మం:

అమ్మా, నేను కొంచెం అవతలి పక్కన మాట్లాడతాను. ముప్పై రెండేళ్లు సర్వీసు చేసి దిగినవాణ్ణి.

మా బడి పక్కన రెండు తండాలుండేవి. 2016లో ఎనిమిదో తరగతి ఆడపిల్లలు ఇద్దరికి ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ (పేదింటి పిల్లలకి పరీక్ష పెట్టి కేంద్రం ఇచ్చేది) వచ్చింది. అప్పుడు ఏడాదికి ఆరు వేలు. 2017 నుంచి పన్నెండు వేలు చేశారు, తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఇస్తారు. ఆ ఇద్దర్నీ డప్పులతో తండా దాకా నడిపించుకుంటూ తీసుకెళ్లాను. చాలామంది నన్ను విమర్శించారు, చదువుకి డప్పులేంటని. నా ఉద్దేశం పిల్లల్ని మురిపించడం కాదమ్మా. ఆ తండా నాయకుడు నాతోనే అన్నాడు, "గవుర్మెంటు బళ్లో ఏం చదువొస్తది సారూ, ఆడపోరిని పదికి ఆపేస్త" అని. ఆ డప్పు ఆయన వినాలని కొట్టించాను. ఆ ఇద్దరిలో ఒక పిల్ల ఇప్పుడు నర్సింగ్ చేసింది. మరుసటి ఏడు ఆ పరీక్షకి అప్లికేషన్లు నేనెవర్నీ బతిమాలకుండానే వచ్చాయి.

ప్రైవేట్ స్కూలు ఫ్లెక్సీ అడ్మిషన్ల కోసం. మన పిల్లలకి చప్పట్లు పెళ్లి వాయిదా వేయడం కోసం. రెంటినీ ఒక గాటన కట్టొద్దు.

అయితే మీ నోట్సు దాచుకున్న పిల్లల సంగతికి వస్తాను. 1973లో స్టాన్‌ఫర్డ్ వాళ్ల నర్సరీలో ఒక ప్రయోగం జరిగింది. బొమ్మలు గీయడమంటే ఇష్టమున్న పిల్లల్లో కొందరికి "బొమ్మ గీస్తే సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా, గీశాక ఇచ్చారు. కొందరికి అసలు ఇవ్వలేదు. తర్వాత వదిలేసి చూస్తే, ముందే చెప్పించుకున్న పిల్లలు తమంతట తాము బొమ్మలు గీయడం తగ్గించేశారు. చెప్పకుండా ఇచ్చినవాళ్లకి ఏమీ కాలేదు. మీ దాత గారి బహుమతికి జబ్బు ఎక్కడుందంటే, జూన్‌లోనే రేటు తెలిసిపోతోంది. ఫస్ట్‌కి పదిహేను వేలు అని ఆరో తరగతి పిల్లాడు కూడా చెబుతాడు. ఇచ్చేది ఇవ్వండి, ముందు చెప్పకండి.

ఇంకొక మాట. స్టేజీ సంవత్సరానికి ఒక రోజు. క్లాసులో పేపర్లు పంచేటప్పుడు ఎక్కువ మార్కుల నుంచి తక్కువకి చదువుకుంటూ వస్తాం చూడండి, చివరి పేపరు ఎవరిదో చదవకుండానే క్లాసంతా వెనక్కి తిరుగుతుంది. అది నెలనెలా జరిగే సన్మానం. నేను ఇరవై ఏళ్లు అలాగే పంచాను. ఒకరోజు ఒక పిల్లాడు తన పేపరు వంతు రాకముందే లేచి వచ్చి "ఇచ్చేయండి సార్, నాదే గదా" అన్నాడు. ఆ తర్వాత రోల్ నంబర్ల వరసలో పంచాను, అదీ మడిచి.

లెక్కల టీచర్:

(ఆగస్టు 10)

అందరికీ నమస్కారం. ముందుగా ఖమ్మం సార్‌కి ఒక మాట: నేనూ ఎక్కువ నుంచి తక్కువకే పంచుతున్నాను. మీరు రాసింది చదివాక పెన్ను కింద పెట్టి కాసేపు కూర్చున్నా. నిన్నటి స్లిప్ టెస్టు మడిచి పంచాను. "ఏంటి టీచర్ ఇవాళ కొత్తగా" అని నవ్వారు పిల్లలు.

దాత గారికి ఫోన్ చేశాను. మార్కులు, మనస్తత్వం అని ఏదో రాసుకుని పెట్టుకున్నా గానీ, మైకు వైరు కథతో మొదలుపెట్టాను. ఆయన అంతా విన్నాక చాలాసేపు ఏం మాట్లాడలేదు. వెనక రాళ్లు కోసే మిషన్ చప్పుడు వినబడుతోంది. తర్వాత చెప్పారు. ఆయన మా బడిలో పది చదివినప్పుడు ఫస్ట్ వచ్చారట. ఆగస్టు 15కి బహుమతి ఉంది, ఇస్త్రీ చొక్కా వేసుకుని రమ్మన్నారట. పక్కింట్లో చొక్కా అడిగి తెచ్చుకుని వెళ్లారు. ముఖ్య అతిథి రాలేదు, వాన పట్టింది, అందరూ వెళ్లిపోయారు. బహుమతి తర్వాత ఇస్తాం అన్నారు, ఇవ్వలేదు. "ఏం బహుమతో కూడా నాకు తెలీదమ్మా. నాకా మైకులో నా పేరు వినాలని ఉండేది" అన్నారు.

ఇన్నాళ్లూ ఈయన ఫస్ట్ వచ్చినవాళ్లంటే మోజున్న మనిషి అనుకున్నాను.

చివరికి ఇలా ఒప్పుకున్నాం. ముగ్గురూ స్టేజీ ఎక్కుతారు, పేరు మైకులో చదువుతాం, అది ఆయన పట్టు, నాకూ అభ్యంతరం లేదు. తలా ఐదు వేలు, ముగ్గురికీ సమానం. ఫ్లెక్సీ లేదు. మిగిలిన పదిహేను వేలలో పది మందికి బహుమతులు. ఒక్కో టీచరు ఒక్కో పిల్లని ఎంచి, ఆ పిల్ల ఏం చేసిందో ఒక్క వాక్యం మైకులో చెప్పాలి. "మంచి క్రమశిక్షణ" లాంటివి చెల్లవు, కళ్లతో చూసింది చెప్పాలి. ఈ షరతుకి పిల్లల కంటే స్టాఫ్ ఎక్కువ టెన్షన్ పడుతున్నారు. సోషల్ మేడం నిన్నటి నుంచి సి సెక్షన్ తలుపు దగ్గర నిలబడి చూస్తున్నారు. గిత్త ఒంగోలు గారూ, అవును, ఈ ఏడు ఫస్ట్ వచ్చిన అమ్మాయికి పది వేలు తగ్గాయి. వాళ్ల నాన్నకి నేనే చెప్పాను. ఆయనకి నచ్చలేదు, నాతో సరిగ్గా మాట్లాడలేదు. అదొక్కటీ ఇంకా పీకుతూనే ఉంది.

ఐటీఐ పిల్లాడు కిందటేటి బ్యాచ్ అయినా వాడి పేరు పీఈటీ సారే ఇచ్చారు. వాడికి ముందు చెప్పలేదు. మైకు సెట్ అతనికి మాత్రం ఫోన్ చేసి, కొత్త వైరు తెస్తేనే రమ్మన్నాను.

ఇప్పుడు అసలు పని. పదమూడు పళ్లేలు కొందామని అనుకుంటున్నాం, శీను గారు ఏమీ అనుకోకూడదు. ర్యాంకు వేయించను. బడి పేరు, పిల్లల పేరు, ఏడాది, అంతే. ఇప్పుడు కూడా అలా చుక్కలతో పేర్లు కొట్టేవాళ్లు ఉన్నారా?

శీను ఎలక్ట్రికల్స్:

ఉన్నారు టీచర్ గారూ. ఒంగోల్లో స్టీలు సామాన్ల కొట్టు ఏదడిగినా చెబుతారు. మిషనుతో కొడతారు, అక్షరానికి ఇంత అని తీసుకుంటారు. కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చి, కొట్టేటప్పుడు పక్కన నిలబడండి. వెంకట సుబ్రహ్మణ్యేశ్వరరావు లాంటి పేర్లున్న పిల్లల్ని ఈ ఏటికి ఎంచొద్దని మీ స్టాఫ్‌కి చెప్పండి.